మూడు పరీక్షలకూ అందని చెయ్యి

ఫ్యాక్టరీలో వదిన కుడిచెయ్యి రేకులు నొక్కే ప్రెస్సు కింద పడినప్పుడు నేను ఆమె పక్కనే ఉన్నాను. యంత్రం ఆగలేదు. మణికట్టు దాకా నలిపేసి, ఏమీ ఎరగనట్టు పైకి లేచింది. నెత్తురు నా ముఖాన చిమ్మింది. మనిషి చెయ్యి కనబడగానే దానంతటదే ఆగిపోయే యంత్రమట అది! దానికి కన్ను పెట్టడానికి మేడ మీది ప్రయోగశాలలో మూడేళ్లు పరిశోధన చేశారట.

మర్నాడే నోటీసు అంటించారు, తప్పు వదినదేనని. పది రోజుల్లో సర్కారు ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ ముందు మళ్లీ పరీక్ష. నెగ్గితే అలాంటివి ఇంకో నలభై దిగుతాయి. వాటి కింద చేతులు పెట్టి రేకుముక్కలు ఏరాల్సింది మేమే, కాంట్రాక్టు ఆడవాళ్లం.

మొదటి పరీక్షలో చెయ్యి పెట్టిన హమాలీ నల్లన్నని కుళాయి దగ్గర నిలదీశాం.

"నా చేతికి ఆగిందమ్మా, ఒట్టు! నల్లచేతికి ఆగుతుందో లేదోనని నన్ను పెట్టమన్నారు. ఆడచేతికని టైపిస్టమ్మని. కాంట్రాక్టోళ్ల తరఫున మీ మేస్త్రిని."

"నీ చెయ్యి చేటంత ఉంది. టైపిస్టమ్మది తెల్లచెయ్యి. మేస్త్రికి గ్లౌజులున్నాయి. నల్లగా, చిన్నగా, గ్లౌజు లేకుండా ఉండే మా చెయ్యి ఎవడు చూశాడు?" అన్నాను.

నల్లన్న తల దించుకున్నాడు. "ఎవరూ చూళ్లేదు."

పరీక్ష రోజున కట్టు కట్టిన మొండిచేత్తోనే వదిన వచ్చింది. పరిశోధకుడు రిపోర్టు గడగడా చదివాడు. మళ్లీ ఆ ముగ్గురే. ముగ్గురికీ యంత్రం బుద్ధిగా ఆగింది. ఇన్‌స్పెక్టర్ పెన్ను తీశాడు.

వదిన వెళ్లి ఎడమచెయ్యి ప్రెస్సు కింద పెట్టింది. "ఆగుతుందన్నారుగా బాబూ, నొక్కండి."

పరిశోధకుడు మీట మీంచి వేలు తీసేశాడు. "ఇది... ప్రత్యేక సందర్భం."

"ఈ షెడ్డులో డెబ్బై మందిమి ఆ ప్రత్యేక సందర్భమే!" అని అరిచాం.

"డ్రామాలు ఆపండి!" అంటూ మేనేజర్ ఆయన్ని పక్కకి నెట్టి తనే మీట నొక్కాడు. నేను వదినని జుట్టు పట్టి వెనక్కి లాగాను. ప్రెస్సు ఎక్కడా ఆగకుండా వచ్చి ఆమె చీర చెంగు మీద పడింది. ఇన్‌స్పెక్టర్ కిటికీలోంచి బయటికి చూస్తూ సంతకం పెట్టేశాడు.

నేను ప్రెస్సు మీదికి దూకబోయాను. నాకన్నా ముందు నల్లన్న కదిలాడు. ఇనప గడ్డపార ఎత్తి యంత్రం కన్ను పగలగొట్టాడు. గార్డులు లాఠీలతో విరుచుకుపడ్డారు. కిందపడిన నల్లన్నని తల మీదే కొట్టారు. అడ్డుపడిన ఆడవాళ్ల ఎముకలు విరిచారు. అప్పటిదాకా మాకెందుకని నిలబడ్డ పర్మినెంటు మగవాళ్లు అప్పుడొచ్చారు, సుత్తులతో. అప్పటికే నల్లన్న ఊపిరి ఆగిపోయింది.

తెల్లారి శవాన్ని గేటు ముందు దించాం. ఒక్కరూ లోపలికి పోలేదు. ఇన్‌స్పెక్టర్ కొత్త కాగితం తెచ్చాడు. "ఆడవాళ్లు వేరు, హమాలీలు వేరు, కాంట్రాక్టు వాళ్లు వేరు. ఎవరి వరసలో వాళ్లు నిలబడి ఇందులో ఫిర్యాదు రాయించుకోండి."

"ఇంకా విడదీస్తావురా?" అంటూ వదిన ఆ కాగితం లాక్కుంది. ఒంటిచేత్తో చించబోతే చిరగలేదు. ఒక కొస నాకిచ్చింది. పోలీసు లారీలు గేటు దాకా వచ్చేశాయి. నేనూ వదినా చెరోవైపూ లాగి దాన్ని నిలువునా చించేశాం.