రెండు గోడల అవతలికి

"మజ్జిన ఎన్ని గోడలున్నాయండీ?" అనడిగాడు గాజువాకలో కంప్యూటర్ షాపతను.

నాకు చిర్రెత్తుకొచ్చింది. వైఫై రౌటర్ ఇవ్వవయ్యా అంటే గోడలు లెక్కపెట్టమంటాడేమిటి? కోపం నా ముక్కు మీదే ఉంటుందని మా ఆవిడ కాంతం దెప్పేది. దెప్పడం మానేసి అప్పటికి మూడు నెలలైంది. గొంతులో కాన్సరని ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఈవిడ సాధింపు ఎప్పుడాగుతుందిరా అనుకున్న రోజులున్నాయి. నా నోరు పడిపోను, ఎందుకనుకున్నానో.

"రెండు," అన్నాను.

ఒక యాంటెనా ఉన్నదీ, రెండు యాంటెనాలున్నదీ నా ముందు పెట్టాడు. ఒకటున్నది సరిపోతుందన్నాడు. నేను రెండున్నదే తీసుకున్నాను. మరే విషయంలోనైనా బేరాలాడతాను గానీ, ఈ విషయంలో తక్కువ చేయదలుచుకోలేదు.

సంగతేమిటంటే, కాంతానికి ఒక్కగానొక్క చెల్లెలు శ్రీవల్లి. కువైట్‌లో నర్సు. మాకు పిల్లల్లేరు కాబట్టి ఆ పిల్లే కూతురు కూడా. నాలుగేళ్ళ కిందట, రెండువేల ఐదులో, మా అత్తగారు పోయినప్పుడు శ్రీవల్లికి సెలవు దొరకలేదు. రాలేకపోయింది. ఆ దుఃఖంలో కాంతం ఫోన్‌లో "దినార్ల కోసం అమ్మని వదిలేశావే" అనేసింది. మా గోదావరి వాళ్ళకి మాట పడటం చేతకాదు, అన్న మాట వెనక్కి తీసుకోవడం అంతకంటే చేతకాదు. నాలుగేళ్ళు అక్కచెల్లెళ్ళకి మాటల్లేవు. మళ్ళీ ఈ మాయరోగమే కలిపింది. ఆపరేషన్ సంగతి తెలిసి శ్రీవల్లే ముందు పలకరించింది. మే నెలలో గానీ సెలవు లేదు, అప్పటిదాకా కంప్యూటర్‌లో చూసుకుందామక్కా అంది.

ఫోన్‌లో కాంతం వినగలదు గానీ పలకలేదు. అందుకని ఒళ్ళో పలక పెట్టుకుని, బలపంతో రాసి, కెమెరాకి ఎదురుగా పట్టుకునేది. అవతల శ్రీవల్లి చదివి జవాబు చెప్పేది. పులుసులో బెల్లం ఎంత వెయ్యాలి, ఎవరింట్లో పెళ్ళెప్పుడు, అన్నీ మాట్లాడుకున్నారు, అమ్మ మాట తప్ప. అప్పుడన్న మాట వెనక్కి తీసుకోవాలని కాంతం కొట్టుకుపోతోందని నాకు తెలుసు. డాక్టరు నన్ను పక్కకి పిలిచి, మే నెల దాకా కష్టమండీ అన్నాడని ఆవిడకీ తెలుసు.

రోడ్డువైపు హాల్లో లారీల రొదకి నిద్ర పట్టడం లేదని మంచం వెనకగదిలోకి మార్చాం. నెట్ తీగ అక్కడిదాకా చాల్లేదు. అందుకే ఈ రౌటర్.

నేను స్టీలుప్లాంటు రోల్ షాపులో, ఇనుము చెక్కే లేత్ మీద పనిచేసేవాణ్ణి. వెంట్రుకంత తేడా వస్తే వేలితో పట్టేస్తాను గానీ, ఆ చిన్న పెట్టె ముందు రెండు సాయంత్రాలు తెల్లమొహం వేసుకుని కూర్చున్నాను. దాంతో వచ్చిన కాగితాలు చూసి, షాపతనికి ఫోన్లు చేసి విసిగించి, పాస్‌వర్డ్ నాలుగుసార్లు తప్పు కొట్టి, ఆఖరికి సాధించాను. మంచం మీదే, కాంతం ఒళ్ళోనే, శ్రీవల్లి మొహం వచ్చింది. ఆ రోజు ఇద్దరూ గంటసేపు మాట్లాడుకున్నారు. అయ్యాక కాంతం పలక నావైపు తిప్పింది. "మొత్తానికి మొనగాడే" అని ఉంది. ఇంకో పని పెట్టుకోకుండా అక్కడితో ఊరుకుని ఉండాల్సింది.

ప్లాంటు పక్కనున్న మా కూర్మన్నపాలెంలో పొద్దున తుడిచిన బల్ల మీద సాయంత్రం వేలు పెడితే నల్లగా అంటుకుంటుంది. అందుకని మా వీధిలో టీవీకి గుడ్డ, మిక్సీకి గుడ్డ, రిమోట్‌కి ప్లాస్టిక్ కవరు. రౌటర్‌ని ఒక్కదాన్నీ దుమ్ముకి ఎలా వదిలేస్తాం? గుడ్డ కప్పితే వేడెక్కుతుంది. మా ప్లాంటువాళ్ళకి ఏ రోగానికైనా మందొకటే, ఇనపరేకు. ఇన్వర్టర్‌కి రేకుపెట్టె, నీళ్ళ మోటారుకి రేకుపెట్టె, ఆఖరికి పాలప్యాకెట్లు వేసుకోవడానికి గుమ్మంలో రేకుపెట్టె. నా పక్క లేత్ మీద పనిచేసే సింహాద్రికి ఈ సంగతి చెప్పాను. పెదగంట్యాడవాడు, అందర్నీ బావా అంటాడు. వాళ్ళ తమ్ముడికి ఆటోనగర్‌లో వెల్డింగు షెడ్డుంది.

"దానికేటి బావా, దళసరి రేకేసి నాను సేయించేత్తాను కదా. నీ ఇల్లు కూలిపోయినా పెట్టి ఉంటాది."

"లైట్లు కనపడాలిరా."

"అద్దం ఎట్టిత్తాను, నువ్వూరుకో."

ఆదివారం దాన్ని హాలు గోడకి బిగించాను. అంచులు నేనే ఆకురాయితో నున్నగా రాశాను. బూడిదరంగు వేశాను. గాలికి కన్నాలు, లైట్లకి అద్దం, తలుపుకి గొళ్ళెం. యాంటెనాలు రెండూ మడిచి లోపల పెట్టేశాను. పెట్టె చూస్తే నాకే ముద్దొచ్చింది.

సోమవారం మధ్యాహ్నం కాంతం పలక మీద రాసిపెట్టుకుని, నాకు చూపించింది. "అమ్మ విషయంలో నేనన్న మాట తప్పు. నన్ను క్షమించవే." సాయంత్రం తల దువ్వించుకుంది, చీర మార్పించుకుంది.

ఏడింటికి శ్రీవల్లి మొహం వచ్చింది. "అక్కా, తిన్నావా?" అంది. కాంతం పలక ఎత్తింది. సరిగ్గా అప్పుడే శ్రీవల్లి తల దించుకుంది, అలాగే బొమ్మ బిగుసుకుపోయింది. మాట లేదు, కదలిక లేదు. కాంతం పలక దించలేదు. నేను పట్టుకుంటానంటే మోచేత్తో తోసేసింది. పది నిమిషాలు పట్టుకుంది. ఆఖరికి ఆ బొమ్మ కూడా పోయింది.

లాప్‌టాప్ హాల్లోకి పట్టుకుపోయాను. పెట్టె పక్కన నిలబడితే నెట్ శుభ్రంగా వస్తోంది. అద్దంలో లైట్లన్నీ పచ్చగా వెలుగుతున్నాయి. అవతల శ్రీవల్లి మాత్రం లేదు. నాలాంటి బుద్ధిహీనుడు ఇంకొకడుండడు, వెనక్కొచ్చి "నెట్ బానే ఉందే" అన్నాను.

కాంతం పలక తుడిచి రాసింది. "అది చూసింది. చూసే తల దించుకుంది."

"కాదే, ఫోన్ చేసి కనుక్కుంటాను."

"వద్దు. నా మీద ఒట్టు. అడిగి చెప్పించుకునే మాట నాకొద్దు. దానికే రావాలి."

ఒట్టు పెడితే మా ఇళ్ళల్లో ఎవరూ దాటరు. చావుబతుకుల్లో ఉన్న మనిషి తన మీదే ఒట్టు పెడితే ఎవడు దాటుతాడు? నేనూ దాటలేదు. మంగళవారం నుంచి వెనకగదిలో అసలేమీ రావడం లేదు. "ఇదుగో చూడు, నెట్టే పోయింది" అని చూపిస్తే, "నిన్న ఉందన్నారుగా" అని రాసింది. నెట్ కంపెనీకి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. కంప్లైంట్ రాసుకున్నామండీ అన్నారు. రోజూ ఏడింటికి కాంతం తెర వైపు చూసేది. ఏడున్నరకి గోడ వైపు తిరిగి పడుకునేది. శుక్రవారం ఊపిరందక ఆసుపత్రిలో చేర్చాను. శనివారం పొద్దున పోయింది.

శ్రీవల్లికి ఈసారి సెలవిచ్చారు. మూడో రోజుకల్లా వచ్చి, వెనకగదిలో ఖాళీ మంచం పట్టుకుని ఏడ్చింది.

పదో రోజున, నా కంప్లైంటుకి మనిషి వచ్చాడు. పేరు త్రినాథరావట. హాల్లో నేనూ శ్రీవల్లీ ఉన్నాం. గోడ మీద పెట్టె చూసి నిలబడిపోయాడు.

"ఇదేటండీ సార్, ఇనపపెట్టిలో ఎట్టీసారు?"

"దుమ్మని."

"గోడలైతే ఎలాగో దాటీత్తాది గానండీ, ఇనుమడ్డెడితే సిగ్నల్ ఎలాగొత్తాది? ఎనకగదికి ఓపాలి కూసింత అందినా, ఆనక అసలు పోదు." గొళ్ళెం తీసి, రౌటర్ బయటకి లాగి, యాంటెనాలు పైకెత్తాడు. వెనకగదిలోకి వెళ్ళి చూసి, "ఒచ్చీసింది సార్," అని అక్కణ్ణించే కేకేశాడు.

అతను వెళ్ళాక శ్రీవల్లి అంది, "ఆ సోమవారం కట్టయింది ఇందుకా బావగారూ? టిఫిన్ డబ్బా మూత తీద్దామని వంగాను. తలెత్తేసరికి ఏమీ లేదు. మీకు కరెంటు పోయిందనుకున్నాను. మర్నాటి నుంచి నాకు సాయంత్రం డ్యూటీ. వచ్చే సోమవారం మాట్లాడదాంలే అనుకున్నాను."

చెప్పకుండా ఉండలేకపోయాను. పలక మీద ఏం రాసిందో, ఎంతసేపు పట్టుకుందో, ఆ తర్వాత ఏమనుకుందో మొత్తం చెప్పాను. ఒట్టు సంగతి ఒక్కటే చెప్పలేదు. ఆ పిల్ల లేచి నన్ను నాలుగు తిట్టి ఉంటే నాకు కాస్త ఊపిరాడేది.

"ఏ మాట బావగారూ?" అంది.

"అదేనమ్మా. దినార్ల కోసం అమ్మని వదిలేశావని."

"అదా." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అక్కకి ఆపరేషన్ అన్న రోజే అది మర్చిపోయాను నేను. అక్క ఇంకా అదే మనసులో పెట్టుకుందా?" నావైపు చూసింది. "నాకొక్క ఫోన్ చెయ్యాల్సింది బావగారూ. ఒక్క ఫోన్. ఎందుకు చెయ్యలేదు?"

పోయిన మనిషి పంతాన్ని చెల్లెలి ముందు పెట్టడానికి నాకు నోరు రాలేదు.

"తోచలేదమ్మా," అన్నాను.