ఐన్‌స్టీన్ పరువు మోసిన కవరు

నేను ఒక ఖాకీ కవరుని. గొప్ప పుట్టుకేమీ కాదు, ఏ కరెంటు బిల్లో మోయాల్సినవాణ్ణి. ఐన్‌స్టీన్ గారి పరువు మోయాల్సి వచ్చింది. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళంతా కంపరం.

మా విశ్వవిద్యాలయంలో ఎస్తేరు అనే పరిశోధక విద్యార్థిని నాలుగేళ్ళు కష్టపడి ముప్పై గెలాక్సీలను కొలిచింది. ఒక్కో గెలాక్సీ తన వెనకనుంచి వచ్చే వెలుగును ఎంత వంచుతోందో ఒక లెక్క. అందులోని నక్షత్రాల వేగాన్ని బట్టి ఎంత వంచాలో ఇంకో లెక్క. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే ఒకటి రావాలి, వస్తే ఐన్‌స్టీన్ గెలిచినట్టు. కోరుకున్న జవాబు వైపు ఎవరి చెయ్యీ వాలకుండా, గణాంకశాఖ మేడమ్ కంప్యూటర్‌లో ఆ జవాబుకి ఒక రహస్య సంఖ్య కలిపి, దాన్ని చీటీ మీద రాసి నాలో పెట్టి అంటించింది. పనంతా అయ్యాకే నన్ను తెరవాలి. తెరిచాక ఒక్క గెలాక్సీనీ కదపకూడదు.

గైడు చలమేశ్వరరావు గారికి అంత ఓపికెక్కడిది? అందరి ముందూ నన్ను తెరవాల్సిన సభకు వారం ముందే గది తలుపేసుకుని నన్ను టీ కెటిల్ ఆవిరి మీద పట్టారు. సిగ్గుతో చచ్చాను. చీటీ చూసి తీసివేత చేసుకుంటే ఒకటి పాయింట్ రెండు వచ్చింది. ఆయన ముఖం మాడిపోయింది. నన్ను మళ్ళీ అంటించి ఎస్తేరుని పిలిచారు.

“మిగతావాటి కన్నా లెక్క పైకి పోతున్న ఆ ఆరు గెలాక్సీలూ బాలేవమ్మా, తీసెయ్.”

“మంచివేనని మీరే అన్నారు కదండీ?”

“థీసిస్ ఈ ఏడాది ఇచ్చే ఉద్దేశం ఉందా, లేదా?”

ఆమె తీసేసింది. సభలో అందరి ముందూ నన్ను కత్తిరించారు. సరిగ్గా ఒకటి వచ్చింది. చప్పట్లు కొట్టారు. నన్ను పటం కట్టించి, కింద ‘నిష్పాక్షికత’ అని రాయించి, ఆ హాల్లోనే గోడకి తగిలించారు. ఛీ, నా బతుకు.

ఏడాది తిరక్కుండానే టెలిస్కోపు వాళ్ళ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. తమ పరికరం నక్షత్రాల వేగాన్ని తక్కువగా చూపిందనీ, సరిచేసుకోమనీ. ఎస్తేరు సరిచేసి చూస్తే ముప్పైకీ కలిపి ఒకటి వచ్చింది. ఆ ఆరూ పోగా అచ్చేసిన ఇరవై నాలుగింటికీ పాయింట్ ఎనిమిది. ఐన్‌స్టీన్‌ని కాపాడబోయి ఓడించిన ఘనత మా వాళ్ళదే.

విచారణ సంఘం నా పటం కిందే కూర్చుంది. “ఆ ఆరింటినీ తీసిందెవరు?” అని అడిగింది.

చలమేశ్వరరావు గారు కళ్ళజోడు తుడుచుకున్నారు. “పిల్లలకి తొందరెక్కువండీ. నేను కాస్త చూసుకోవాల్సింది.”

ఎస్తేరు ఆయన వైపు తిరిగింది. “నేనే తీశానండి,” అంది. అది అబద్ధం కాదు. కెటిల్ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే, నాకు నోరు లేదు.

ఆమె థీసిస్ రద్దయింది. ఆయన లేచి వెళ్ళబోతూ ఆగి, నా పటం కాస్త పక్కకి ఒరిగిందని, రెండు చేతులతో సరిచేసి మరీ వెళ్ళారు.