నీలిమబ్బు ముసుగు వెనక

శుక్రవారం సాయంత్రం 'నీలిమబ్బు' సీరియల్ మొదలయ్యే ముందు సలోమిగారు సీలింగు ఫ్యాను ఆపేస్తారు, ఎంత ఉక్కపోసినా సరే. కథ ఊహించని మలుపు తిరిగిందంటే ఆ వీధి జనం చాపల మీంచి గాల్లోకి లేస్తారు మరి. ఎంత ఆశ్చర్యపోతే అంత ఎత్తు. ఆశ్చర్యం తగ్గేకొద్దీ కిందకి దిగుతారు. ముసుగువీరుడు నీలిమబ్బుకి ప్రాణంలాంటి డ్రైవరే దొంగల నాయకుడని తేలిన రోజున ఆవిడ భర్త మోషేగారి తల దూలానికి కొట్టుకుంది. సలోమిగారు బొప్పికి పసుపు రాసి, "మీకు మరీ ఇంత అమాయకత్వం పనికిరాదండీ" అన్నారు. అంతే.

ముందే కథ తెలిసినవాళ్లు మాత్రం లేవరు. పైవాళ్ల అరికాళ్లు చూస్తూ కింద కూర్చోవాలి. అందుకే ఆ వారం భాగం పొద్దున్నే ఫోన్లోకి వచ్చేసినా సాయంత్రం దాకా ఎవరూ చూడరు. చూసినా పెదవి విప్పరు.

సలోమిగారి కోడలు శారోన్‌కి నోట్లో నువ్వుగింజ నానదు. ఒకసారి మొగుడికి కథంతా చెప్పేసింది. పాపం హేమంత్ ఆ సాయంత్రం చాపకి అతుక్కుపోయేడు. ఆనక కొన్నాళ్లు ఆమెతో మాటాడ్డం మానేసేడు. అతను గాల్లోకి లేచినప్పుడు మొహంలో వచ్చే వెలుగంటే శారోన్‌కి ప్రాణం. అలాంటి మొహం గోడవైపు తిరిగి పడుకుంటే ఇల్లంతా దీపం ఆరిపోయినట్టే ఉండేది.

కిందటి వారం నీలిమబ్బు గోదాట్లో మునిగిపోయేడు. వీధిలో ఎవరికీ ముద్ద దిగలేదు. ముసుగు వెనకున్నది కుర్ర బస్సు కండక్టరేనని అందరి నమ్మకం. మోకాళ్ల నొప్పులతో అప్పడాలు ఒత్తుకునే వాళ్లమ్మని తలుచుకుని మరీ ఏడ్చేరు.

ఈ శుక్రవారం పొద్దున్న శారోన్ ఇక ఆగలేక వంటింట్లో ఫోను తెరిచింది. అటక దాకా లేచిపోయింది.

"ఏమే, అక్కడేం వెతుకుతున్నావ్?" అన్నారు సలోమిగారు గుమ్మంలోంచి.

"ఆవకాయ జాడీ అత్తయ్యా!"

"దిగేటప్పుడు ఆ బూజు దులిపి దిగు."

మధ్యాహ్నం కారేజీ పట్టుకుని మాణిక్యాలరావుగారి కొబ్బరితోటకి వెళ్లింది. అక్కడ హేమంత్ కొబ్బరికాయల దింపు తీస్తున్నాడు. గెల కోస్తూ చెట్టు మీంచే కేకేసేడు.

"శారోనూ, చూసేసేవా ఏంటి?"

"లేదు బావా!"

"గొంతు తేడాగా ఉంది. చెప్పేవంటే ఈ జన్మలో నీతో మాటాడను, ఆయ్!"

అతను నవ్వుతూ ముందుకి వంగేడు. నడుం తాడు తెగింది. చేతికందిన కొబ్బరిమట్ట పట్టుకుని వేలాడేడు. మట్ట మొదట్లో ఫెళ్లుమంది. "నిచ్చెనండీ, నిచ్చెన!" అంటూ మాణిక్యాలరావుగారు పాక దగ్గరకి పరుగెత్తేరు.

శారోన్ కారేజీ గడ్డిలో పెట్టి చెట్టు మొదట్లోకి ఉరికింది. మాటాడకపోతే మానేసేడు, మనిషంటూ ఉంటే చాలు.

"బావా! నీలిమబ్బు ఆ కండక్టరు కాదు! వాళ్లమ్మ! మొదట్నించీ ముసుగేసుకున్నది ఆవిడే!"

మట్ట ఊడి దబ్బున కిందపడింది. హేమంత్ పడలేదు. నోరు తెరుచుకుని, గాల్లో అలాగే ఉండిపోయేడు.

"అప్పడాలావిడా?"

"ఆవిడే!"

ఆశ్చర్యం పల్చబడుతోంది. జర్రున జారుతున్నాడు.

"ఆవిడ మునగలేదు బావా! ఆవిడ ముసుగు దొంగిలించిన డ్రైవరు మునిగేడు!"

మళ్లీ ఆగేడు. నిచ్చెనతో వచ్చిన మాణిక్యాలరావుగారు కూడా ఓ జానెడు లేచి, "అరెరె, అదా సంగతి!" అన్నారు. అలా ఒక్కో ముడీ విప్పుకుంటూ మొగుణ్ణి దించింది శారోన్. చెప్పడానికి ఇక ఏమీ మిగలకుండా పోయేసరికి అతని కాళ్లు గడ్డిలో ఉన్నాయి.

తల వంచుకుని నిలబడింది. ఎప్పుడు గోడవైపు తిరుగుతాడా అని.

హేమంత్ తెగిన తాడు నడుంనించి విప్పి పడేసేడు. ఆమె కళ్లలోకి చూసేడు.

"కారేజీలో ఏం తెచ్చేవే?"

సాయంత్రం అప్పడాలావిడ ముసుగు తీసేసరికి ఇల్లంతా ఒక్కసారి పైకి లేచింది. చాప మీద ఇద్దరే మిగిలేరు.

"ఒరే, ముందే చెప్పేసిందిరా నీకు?" దూలం పక్కనించి అరిచేరు సలోమిగారు.

"ఆయ్, చెప్పేసిందమ్మా."

హేమంత్ చాప కొంచెం పక్కకి జరిపి, అరికాళ్లు రెండూ గచ్చు మీద ఆనించేడు. శారోన్ చెయ్యి వెతుక్కుని పట్టుకున్నాడు.

"నేల ఎంత చల్లగా ఉందో చూడవే," అన్నాడు.