ఇంకొకరి నోటికి చుట్టిన ముద్ద

బోరోస్ పట్టణంలో ఇథియోపియా వాళ్ళ హోటల్ ఒకటి తెరిచారని తెలియగానే మార్గ్రెత్ పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని బయలుదేరింది. ఆ దేశపు అనాథాశ్రమం నుంచి వాళ్ళను స్వీడన్‌కు తెచ్చి పెంచుకుంటున్న తల్లి ఆమె. పెద్దది మెసెరెత్‌కు పదేళ్ళు, చిన్నది ఫాంతాయెకు ఆరు.

దారంతా మెసెరెత్‌కు చెల్లెలి గురించే ఆలోచన. ఇంట్లో తమ దేశపు భాష వచ్చినవాళ్ళు తామిద్దరే. తను ఆ భాషలో పలకరిస్తే చెల్లెలు కొన్నాళ్ళు స్వీడిష్‌లో జవాబిచ్చింది, ఈమధ్య అదీ మానేసింది. వినే మనిషి లేకపోతే తన లోపలి మాటలు ఏమైపోతాయోనని మెసెరెత్‌కు భయం. ఒకసారి గదిలో గోడతో మాట్లాడి చూసింది. గొంతు ఎవరిదోలా వినిపించింది. ఇవాళ తమ దేశపు వంటల వాసనలు తగిలితే చెల్లి ఆ భాషలో ఒక్క మాటైనా అంటుందని ఆశ.

హోటల్ ఆవిడ పెద్ద పళ్ళెం తెచ్చి ముందు పెట్టింది. "నా తల్లులూ! ఏ ఊరమ్మా మీది? ఇంత సన్నబడ్డారేం, ఈ తెల్లమ్మ కూడు పెట్టట్లేదా?" అంది నవ్వుతూ, తమ భాషలో.

ప్రతి మాటా అర్థమైంది. నవ్వు కూడా వచ్చింది. కానీ జవాబు చెప్పబోతే మెసెరెత్ నోట్లోంచి స్వీడిష్ ఊడిపడింది.

"ఓసోసి, దొరసానివైపోయావే!" అంటూ ఆవిడ ఇంజెరా రొట్టె తుంచి, పప్పులో అద్ది, చుట్టి నోటికందించింది.

మెసెరెత్ కళ్ళు మూసుకుని తింది. తర్వాత తనూ ఒక ముద్ద చుట్టి, ఆశ్రమంలో పెట్టినట్టే చెల్లి నోటి దగ్గర పెట్టింది. "తినవే, మా బుజ్జివి కదూ." ఈసారి మాట సొంత భాషలోనే వచ్చింది.

ఫాంతాయె తల వెనక్కి లాక్కుంది. "ఛీ, చేత్తోనా! అమ్మా, చూడు, మళ్ళీ అలా మాట్లాడుతోంది," అంది స్వీడిష్‌లో.

మార్గ్రెత్ మెసెరెత్ వీపు నిమిరింది. "వదిలెయ్ బంగారూ. దాన్ని చూసుకోడానికి నేనున్నానుగా. నువ్వూ చిన్నపిల్లవే. ఇక ఆ బరువు దించెయ్." పిల్లల మానసిక డాక్టరు అలా చెప్పమన్నాడు. ఆమె మనసారా అంది.

ముద్దలోని పప్పు మెసెరెత్ వేళ్ళ మీదుగా మణికట్టుకు జారింది. హోటల్ ఆవిడ చూడనట్టు లోపలికి వెళ్ళిపోయింది. తమ దేశంలో ఇంకొకరి నోటికి చుట్టిన ముద్దను వెనక్కి తీసుకోరు. ఆ సంగతి మెసెరెత్‌కు ఎవరూ చెప్పక్కర్లేదు. పళ్ళెం అంచున పెట్టేద్దామా అనుకుంది. చివరకు తనే తినేసింది.

"బాగుందా?" అని అడిగింది మార్గ్రెత్.

"బాగుంది," అంది మెసెరెత్. ఏ భాషలో అందో తను గమనించలేదు.