పులుస్తున్న చెయ్యి

వంటింటి సూదట, పైగా ఆ మాట అని నర్సు వంక చూసి నవ్వాడు పెద్ద డాక్టరు, రెండు నెలలు గాజు గొట్టం మంట మీద సాగదీసి సాగదీసి నా వేళ్ళ కొసలు కందిపోయాయి, పగిలినవి అరవై, నిలిచినవి రెండు, అందులో ఒకటి ఇదిగో నా ఒళ్ళో డబ్బాలో దూది మీద పడుకుని ఉంది, ఆవగింజలో సగం లేని, పులుపు కొలిచే గాజు బుడగ, ఇంజెక్షను సూదిలో ఇమిడిపోతుంది, లోపలి వెండి తీగ నా పెళ్ళి పట్టీది, కంసాలి దాన్ని వెంట్రుకంత సన్నం లాగి ఇచ్చి, దీంతో ఏం నగ చేయించుకుంటావమ్మా అంటే ఇదే ఆసుపత్రిలో చిన్న డాక్టరైన మా ఆయన గౌస్ బాషా గారి చెవులు ఎర్రబడ్డాయి, ఆ చెవుల కోసం రెండో పట్టీ కూడా ఇచ్చేద్దును, మొదటిసారి దాన్ని మజ్జిగలో పెట్టాం, తర్వాత గోంగూర రసంలో, దానికి తగిలించిన మీటరు ముల్లు గిర్రున పులుపు వైపు తిరిగితే ఆయన నా చెయ్యి పట్టుకుని వంటగదిలో ఒక చుట్టు తిప్పారు, అన్నం మాడింది, మాడిన అన్నమే నవ్వుకుంటూ తిన్నాం, అదంతా ఆటే, ఒప్పుకుంటాను, మాబు చేతిలో పెట్టింది మాత్రం ఆట కాదు.

నల్లపాడు పత్తి జిన్నింగు మిల్లులో బెల్టు లాగేసి మాబుకు మోచేతి కింద ఎముక విరిగింది, నిన్న సాయంత్రం పెద్ద డాక్టరే పిండికట్టు వేశాడు, తెల్లారేసరికి కట్టు బయటి వేళ్ళు వంకాయల్లా ఉబ్బి రంగు మారాయి, మాబు అరుస్తుంటే, ఒరేయ్, విరిగిన చెయ్యి నొప్పెట్టక నవ్వుతుందా అన్నాడట, మేం కట్టు అంచు పక్కనే సూది దించాం, బాగున్న చేతిలో ఏడు పాయింటు ఒకటి, విరిగిన చేతిలో ఆరు పాయింటు నాలుగు, అంకె ఎంత తగ్గితే అంత పులుపు, మూడుసార్లు కడిగి, మూడుసార్లు సరిచూసి మరీ చదివాను, గంట తర్వాత ఆరు పాయింటు మూడు, నెత్తురందక కండ పులుస్తోంది, కట్టు కోసి వదులు చేయకపోతే సాయంత్రానికి ఆ కండ చస్తుంది, ఇక ఆ వేళ్ళు జన్మలో దూది పరక పట్టవు, ఇంత చెబితే, నాడి కొట్టుకుంటోంది కదయ్యా, ఈ వార్డులో కట్టిన చెయ్యే విప్పాలి, రేపు చూస్తాను, అని పెద్ద డాక్టరు వెళ్ళిపోతుంటే మావారు సరేనండి అన్నారు, సరేనండి ఏమిటి, వరండాలోకి లాక్కొచ్చి అడిగితే, కుందేళ్ళ మీద చూశాం గానీ మనిషి మీద ఇదే మొదలు నసీమా, తప్పయితే, అంటారు, తప్పయితే ఇంకో కట్టు పడుతుంది, ఒప్పయ్యీ ఊరుకుంటే చెయ్యి పోతుంది, బీయస్సీ చదివిన నాకు తెలిసిన ఈ లెక్క ఎంబీబీయస్ చదివిన మీకు తెలియదా, ఈ మనిషి మీదా నేను రాత్రంతా మల్లెపూలు చల్లింది, సూపరింటెండెంటు దగ్గరికి పోతాను, ఈ అంకెలు రాసిన కాగితం బల్ల మీద పెడతాను, ఆయనా వినకపోతే ఊరంతా తిరుగుతాను.

కాగితం కోసం వార్డులోకి వస్తే మంచం పక్కన మాబు భార్య జాన్‌బీ, ఆ చేతిని రెండు చేతులతో ఎత్తి పట్టుకునే ఉంది, అమ్మగారూ, పొద్దున్నుంచీ ఆ ముల్లును చూసి మీరూ మీరూ మొహాలు చూసుకుంటన్నారు, చెయ్యి మాది కదా, మాకెవురూ చెప్పరే, అంది, అప్పుడు చెప్పాను, అంకె చూపించాను, కండ పులుస్తోందన్నాను, మాబు కళ్ళు మూసుకునే, కట్టిన చెయ్యే ఇప్పాలంట, మరి కట్టించుకున్న చెయ్యికి నోరు లేదా, అన్నాడు, అంతే, జాన్‌బీ ఆ చేతిని నా చేతుల్లో పెట్టి లేచింది, మిగతా వార్డులు చూసి గుమ్మం ఎదుటి మెట్లు దిగుతున్న పెద్ద డాక్టరుకు వినపడేలా, బాబుగారో, చెయ్యిగల మనిషి అడుగుతున్నాడు, కట్టు కొయ్యండి, కొయ్యరా, అయితే కొయ్యనని సంతకం పెట్టి ఇయ్యండి, రేపు చెయ్యి పోతే ఆ కాగితమే ఆయన బదులు మిల్లుకు పోయి పని చేస్తది, అంది, వార్డు వార్డంతా లేచి కూర్చుంది, పెద్ద డాక్టరు ఒక మెట్టు మీద ఆగిపోయాడు, మంచాల వంక ఒకసారి చూసి, కొయ్యండయ్యా, కొయ్యండి, అన్నాడు, మావారు అప్పటికే కత్తెర తెచ్చేశారు, పిండి పెళపెళ విరుగుతోంది, మాబు గొంతులో అరుపు మూలుగై, మూలుగు ఊపిరై, ఇంకా వేళ్ళు కదల్లేదు, గోళ్ళ కింద నలుపు మాత్రం కొంచెం పలచబడినట్టుంది, నా చేతిలో ఆ చెయ్యి ఎంత బరువుగా ఉందో, పొద్దున్నుంచీ ఆరు పాయింటు నాలుగు అని పెద్ద డాక్టరుకు చెప్పాను, నర్సుకు చెప్పాను, మా ఆయన చెవిలో పోరాను, నా మాట ఎవరూ వినరేం అని కాలిపోతున్నాను, ఆ అంకె ఎవరి ఒంట్లోదో ఆ ఇద్దరికీ చెప్పాలని నాకూ తోచలేదు.