తోడు వచ్చినవాళ్ల రేటు

"మా ఆవిడకి ఈ లెక్కలెక్కడ తెలుస్తాయండీ! టీ అంటారా, బ్రహ్మాండంగా పెడుతుంది," అన్నాడు మొగుడు, ఆమె రాసిచ్చిన లెక్కల కాగితాన్నే చేత్తో పట్టుకుని మరీ. ముందుగదిలో కూర్చున్న కమిటీవాళ్లు గొల్లున నవ్వారు. కప్పులు అందిస్తూ తనూ నవ్వేసింది ఆమె. పదకొండేళ్ల అలవాటు, సిగ్గులేని నవ్వు దానంతటదే వచ్చేస్తుంది.

ఏడాదికోసారి మూడు రోజులు జరిగే అంతరిక్ష కథల అభిమానుల సమ్మేళనానికి ఆయన అధ్యక్షుడు. సభ్యత్వం ధర ఎంత పెట్టాలన్నది ఏటా ఒక పెద్ద తగువు. వస్తాం వస్తామని ఊరించేవాళ్లని వదిలేసి తప్పకుండా వచ్చేవాళ్లనే లెక్కపెట్టాలనీ, హాలు అద్దె, మైకులు, అచ్చు ఖర్చు వాళ్ల మీదే పంచాలనీ, ముందు కట్టినవాళ్లకి తక్కువ, ఆఖర్న గుమ్మం దగ్గర కట్టినవాళ్లకి ఎక్కువ ఉండాలనీ కనిపెట్టింది ఆమే. ఈసారి కూడా కూర ఒకవైపు మాడుతుంటే ఇంకోవైపు కూడికలు వేసి తేల్చింది. రెండొందల మంది, మనిషికి ఆరొందలు.

పెళ్లికి ముందు టైపిస్టుగా తెచ్చుకున్న జీతంలోంచి పూర్తి ధర కట్టి మొదటి సమ్మేళనానికి వెళ్లింది. ఈయన పరిచయమైంది అక్కడే. అప్పట్లో ఒక్క కథ మీద గంటలకొద్దీ ఆమెతో వాదించేవాడు, మహానుభావుడు! పెళ్లయ్యాక "నీకిప్పుడు చదివే తీరికెక్కడిదిలే" అని ఆమె పుస్తకాలన్నీ అటకెక్కించాడు. "కోడలు కథలు చదువుతూ కూర్చుంటే ఇల్లెవరు ఊడుస్తారమ్మా" అని అత్తగారు వంత పాడింది. అయినా ఆశ చావలేదు. ఈ ఏడు కమిటీకి నిలబడతానని మొన్న నోరు తెరిచి చెప్పింది ఆయనకి. పూర్తి సభ్యులు ఎవరైనా నిలబడొచ్చు. ఆయన అవుననలేదు, కాదనలేదు.

ఇప్పుడు ఆమె కాగితం అడుగున ఆయనే తన చేతిరాతతో చేర్చిన నాలుగు ముక్కలు చదివాడు. "కొత్తగా ఒక తరగతి పెడదాం. తోడు వచ్చినవాళ్లు. రెండొందలు. ఓటుండదు, కమిటీకి నిలబడటం ఉండదు. మన ఆడవాళ్లు కథల కోసం వస్తారా ఏంటి?"

పిల్లల రేటు మూడొందలు. ఆమెకి ఒళ్లు భగ్గుమంది.

"నేను పూర్తి సభ్యత్వమే కడతానండీ. నా కుట్టుపని డబ్బులున్నాయి."

"నీ డబ్బులా!" ఆయన అందరివైపూ చూసి నవ్వాడు. "కుట్టుమిషను కొన్నదెవరే? నువ్వు కమిటీలో కూర్చుంటే మాకు టీ ఎవరిస్తారు?"

కోశాధికారిగా ఉన్న బ్యాంకాయన ఓదార్పుగా అన్నాడు, "పోనీలెండి వదినగారూ, మీకు నాలుగొందలు మిగిలినట్టే కదా."

కొత్త తరగతికి సరేనంటూ నాలుగు చేతులు లేచాయి, మొగుడిది అయిదోది. ఎంగిలి కప్పులు ఏరుకుంటూ ఆమె చూస్తూనే ఉంది. పది నిమిషాల్లో ఆమె ఆశకి నూరేళ్లూ నిండాయి.

"అయితే పేర్ల నమోదు, ఉత్తరాలు, బ్యాడ్జీలు, గుమ్మం దగ్గర బల్ల, ఎప్పట్లాగే నువ్వు చూసుకో," అన్నాడు మొగుడు కాగితం మడుస్తూ.

ఆమె కప్పుల పళ్లెం కింద పెట్టింది.

"తోడు వచ్చినవాళ్లు పని చెయ్యరు కదండీ. నేను కుర్చీలో కూర్చుని కథలు వింటాను."

"మరి ఈ పనులన్నీ?" బ్యాంకాయన కంగారు పడ్డాడు.

"మనిషిని పెట్టుకోండి. నాలుగు నెలలు పని, నలభై వేలు అడుగుతారు. మీ రెండొందల మందికి పంచితే తలకి ఇంకో రెండొందలు. ధర ఆరొందలు కాదన్నయ్యగారూ, ఎనిమిదొందలు."

బ్యాంకాయన వేళ్ల మీద లెక్కేసుకుని తలూపాడు.

"ఎనిమిదొందలంటే ఎవడొస్తాడే? నలుగురిలో పరువు తీస్తున్నావు!" మొగుడి మొహం కందగడ్డయింది.

ఆమె లోపలికెళ్లి కుట్టుపని డబ్బుల్లోంచి రెండొందలు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"తోడు రేటు. రసీదు రాయండి."

రసీదు పుస్తకం కోసం మొగుడు సొరుగులన్నీ లాగాడు, అలమారాలన్నీ వెతికాడు, చివరికి ఆమెవైపు చూశాడు. అది ఎక్కడుందో ఆ ఇంట్లో ఆమెకొక్కదానికే తెలుసు. ఆమె కుర్చీ లాక్కుని వాళ్ల మధ్యే కూర్చుంది.