చెల్లయ్య వీపు

తమిళనాడులోని కోవిల్‌పట్టిలో ఫ్లెక్సుకెక్కాలంటే ఘనకార్యాలేం చేయనక్కర్లేదు. చెవులు కుట్టించుకున్నా చాలు, పెళ్ళి చేసుకున్నా చాలు, చచ్చిపోయినా చాలు. రెండువేల అయిదులో అయితే బస్టాండు చుట్టూ గోడలు కనపడేవి కావు, మొహాలే. అలాంటి ఊళ్ళో తన మొగుడికి కట్టిన ఫ్లెక్సు చూసి మునీశ్వరికి ఒళ్ళు మండిపోయింది. అందులో చెల్లయ్య మొహం లేదు, వీపుంది. చెమటకి అతుక్కుపోయిన చొక్కా, దాని మీద మూడో నంబరు.

చెల్లయ్యది అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పని. పొద్దు వాలగానే కర్ర పట్టుకుని హాకీ మైదానానికి పరిగెత్తేవాడు. ఒక్క గోలూ కొట్టిన పాపాన పోలేదు. కొట్టడానికి వచ్చేవాళ్ళకి అడ్డం పడటమే అతని ఆట. మోకాళ్ళు అరిగిపోయి ఆట మానేశాక, మూడో నంబరు చొక్కా ఇక ఎవరికీ ఇవ్వకూడదని క్లబ్బువాళ్ళు అనుకుని ఆదివారం సాయంత్రం సభ పెట్టారు. సభకి విరుదునగర్ నుంచి మునీశ్వరి అన్న శంకరలింగం వస్తున్నాడు. చెల్లెలి మొగుణ్ణి పనీపాటా లేనివాడని నలుగురిలో ఆడిపోసుకున్న మనిషి. ఆ అన్న కళ్ళముందు తన భర్త మొహం నిండుగా వెలగాలని పాపం ఎంత ఆశపడిందో.

ఆదివారం పొద్దున్నే మైదానానికి వెళ్ళి, ఫ్లెక్సు కట్టించిన అంతోణిని నిలదీసింది. అంతోణి ఆ జట్టుకి గోల్‌కీపరు. ఆట ఫొటోలన్నీ గోలు కొట్టినవాళ్ళవేననీ, చెల్లయ్యది ఇదొక్కటే దొరికిందనీ చెప్పాడు.

"ఊర్లో అందురికీ మొగం ఉండాది. మా ఇంటాయనకి లేదా అన్నా?"

అంతోణి సరేనని, స్టూడియోలో చెప్పి ఓ మూల మొహం ఉన్న చిన్న ఫొటో అతికిస్తానన్నాడు. ఫ్లెక్సు విప్పడానికి తాడు పట్టుకుని ఆగాడు.

"ఇన్నేండ్లు గోల్‌లో నిలబడి నేను చూసింది ఈ యీపునే, చెల్లెలా. ఇది ముందర ఉంటే నాకు బయం లేదు."

మునీశ్వరి ఒక్కనాడూ ఆట చూసి ఎరగదు. దోక్కుపోయిన మోకాళ్ళతో వచ్చి, తిని పడుకునే మనిషే ఆమెకి తెలుసు. ఇంకొకరికి ధైర్యంగా నిలబడ్డవాడు ఆ మనిషేనా అని ఆమెకి ఏడుపూ గర్వమూ కలిసి వచ్చాయి. తాడు విప్పొద్దంది.

సాయంత్రం శంకరలింగం రానే వచ్చాడు. మొహం లేని ఫ్లెక్సేమిటని అందరికీ వినపడేలా నవ్వాడు.

చెల్లయ్యని మాట్లాడమన్నారు. అతను మైకు దాకా వచ్చి, వెనక కట్టిన ఫ్లెక్సు వైపు ఒకసారి తిరిగాడు. మళ్ళీ ఇటు తిరగలేకపోయాడు. జనానికి అతని వీపే కనపడుతోంది, అది వణుకుతోంది. శంకరలింగం నవ్వు ఆగిపోయింది. ఎవరో ఇటు తిరగమని కేకేశారు.

"ఆయన్ని అట్లే ఉండనీండి" అంది మునీశ్వరి.